బెయిలు రోజున మాట్లాడేది కాగితాలే

"పిల్లే పోయింది. ఇక ఎవర్నీ వదలొద్దు మేడం, ఆ ఇంట్లో అందరి పేర్లూ రాయండి." కూతుర్ని పోగొట్టుకున్న తండ్రులు నాతో మొదట అనే మాట ఇదే. సెషన్స్ కోర్టులో రెండువైపులా వాదించినదాన్ని కాబట్టి చెబుతున్నాను, కేసు సగం నీరుగారేది అక్కడే. వేరే ఊళ్లో కాపురముండే ఆడబిడ్డనీ, పండక్కి వచ్చిపోయే తోడికోడలినీ ఒకే వాక్యంలో ఇరికిస్తే, "అందరి మీదా అదే ఆరోపణ, ఎవరేం చేశారో లేదు" అంటూ భర్త తరఫు వకీలు ఆ వాక్యాన్నే చదివి వినిపిస్తాడు.

వరకట్న మృతి కేసు నిలవాలంటే హత్య రుజువు కావాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. పాత ఐపీసీ 304-బీ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 80వ సెక్షన్. పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య అసహజంగా చనిపోయి ఉండి, చావుకు కొద్దికాలం ముందు భర్తో అతని బంధువులో కట్నం కోసం వేధించి ఉంటే చాలు. తనే ఉరేసుకున్నా వర్తిస్తుంది. శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఆ 'కొద్దికాలం' అంటే ముందురోజని కాదు, వేధింపుకీ చావుకీ మధ్య లంకె తెగకూడదని 2021లో సత్బీర్ సింగ్ కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం చెప్పింది. ఇల్లు కట్టుకోవడానికి పుట్టింటి నుంచి డబ్బు తెమ్మనడమూ కట్నమేనని మరుసటి ఏడు సుప్రీంకోర్టే తేల్చింది.

మరి బెయిలు ఎలా వస్తుంది? యావజ్జీవం పడగల నేరం కనుక మేజిస్ట్రేటు మామూలుగా ఇవ్వరు. ఆడవాళ్లకూ జబ్బుమనుషులకూ మాత్రం వెసులుబాటు ఉంది. అత్తగారి షుగరు రిపోర్టు అందుకే ఫైల్లో పైనుంటుంది. మిగతావాళ్లు సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో వెళ్తారు. కట్నం వేధింపు రుజువైతే ఆ చావుకు వాళ్లే కారణమని కోర్టు భావించి తీరాలన్న నిబంధన ఒకటుంది గానీ, అది పనిచేసేది విచారణలో. బెయిలు రోజున సాక్షులెవరూ బోనెక్కరు. తహసీల్దారు రాసిన శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, కన్నవాళ్ల వాంగ్మూలాలు, అల్లుడి ఖాతాలో డబ్బు వేసిన బ్యాంకు కాగితం, వీటినే జడ్జి తిరగేస్తారు. పంచనామా రోజున ఏడుస్తూ "ఎవరి మీదా అనుమానం లేదు" అన్న మాట కింద సంతకం పెట్టేసి, పదిరోజులకు ఫిర్యాదిస్తే, ఆ సంతకానికి ప్రతి కోర్టులోనూ జవాబు చెప్పుకోవాలి.

ఎవరి పాత్ర ఎంతో విడదీసి చూడటం ఎలాగో 2025 మార్చిలో సుప్రీంకోర్టు చూపింది. ఉత్తరప్రదేశ్‌లో పెళ్లయి రెండేళ్లు నిండకుండానే ఒక కోడలు చనిపోయింది. హైకోర్టు బెయిళ్లు యాంత్రికంగా ఇచ్చిందని తప్పుపట్టి, అత్తమామల బెయిళ్లను సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఆడబిడ్డల జోలికి పోలేదు. నాకు నచ్చిన తీర్పు. బెయిలు నిరాకరించడమే శిక్షగా భావించే కోపం నాకూ లేకపోలేదు గానీ, విచారణకు ఏళ్లు పట్టే దేశంలో అది న్యాయం కాదు.

రిమాండయిన తొంభై రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే నిందితుడు అడిగితే చాలు, బెయిలు హక్కుగా వస్తుంది. కేసు ఎంత గట్టిదైనా అంతే. ఫోరెన్సిక్ రిపోర్టు రాలేదని పోలీసులు కూర్చుంటారు. రిపోర్టు వెనక వస్తుందని రాసి ఛార్జిషీటు వేయొచ్చు. ఎనభయ్యో రోజుకైనా స్టేషనుకెళ్లి అడగండి.

బెయిలు పిటిషన్‌పై తమ మాట వినమనే హక్కు బాధితులకూ ఉందని 2022లో లఖీంపుర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని (పీపీ) కలిసి, తేదీలవారీగా రాసిన కాగితం చేతికివ్వండి. బెయిలు వచ్చాక కూడా రెండు దారులుంటాయి. ఉత్తర్వే తప్పుగా ఉంటే పైకోర్టుకు పోవచ్చు, దానికి నిందితుడు కొత్తగా ఏ తప్పూ చేయనక్కర్లేదు. సాక్షుల్ని బెదిరిస్తే రద్దు కోరవచ్చు. "బెదిరిస్తున్నారమ్మా" అని నోటిమాటగా చెబితే మాత్రం నేను ఏమీ చేయలేను. ఏ నంబరు నుంచి, ఏ రోజు, ఎన్నింటికి ఫోనొచ్చిందో రాసుకుని రండి.