ఒకే ఇంట రెండు విద్యా సంవత్సరాలు

మల్కాజ్‌గిరిలో అన్న డిగ్రీ కళాశాలకూ, తమ్ముడు దీనీ మదరసాకూ వెళ్ళే ఇళ్ళు లేకపోలేదు. అటువంటి ఇంట విద్యా సంవత్సరం రెండుసార్లు ఆరంభమవుతుంది.

దర్సె నిజామీ బోధించే మదరసాలలో చదువు షవ్వాల్‌లో, అంటే ఈదుల్ ఫిత్ర్ గడిచాక మొదలై, షాబాన్‌లో వార్షిక పరీక్షలతో ముగుస్తుంది. రమజాన్ సెలవు మాసం. హాఫిజ్‌లైన విద్యార్థులు తరావీహ్ నడిపించడానికి ఊళ్ళకు బయలుదేరేది అప్పుడే. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు తక్కువ కనుక, ఈ సెలవులు దాదాపు 33 ఏళ్ళలో ఋతువులన్నింటినీ చుట్టివస్తాయి.

ఇదేదో మదరసాల ప్రత్యేక పద్ధతి అనుకోనక్కరలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో నేటికీ మూడు టర్ములకు మైకెల్మస్, హిలరీ, ట్రినిటీ అని క్రైస్తవ పర్వదినాల పేర్లే. కేంబ్రిడ్జ్‌లో రెండవ టర్ము పేరు లెంట్. అది వారి ఉపవాస కాలం! ఆ పేర్లను అక్కడ ఎవరూ వెనుకబాటుగా తలచరు.

మన ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. నాటి నిజాం కార్యాలయాలు ఆజుర్ మాసంతో మొదలయ్యే ఫస్లీ సంవత్సరాన్ని పాటించేవి. ఫసల్ అంటే పంట. నేడు అంతా సెమిస్టరే. ఆ లాటిన్ మాటకు ఆరు నెలలది అని మాత్రమే అర్థం. అందులో పండుగా లేదు, పంటా లేదు. అయితే సెమిస్టర్ తేదీలను ప్రకటించే పత్రాన్ని విశ్వవిద్యాలయం ‘అల్మనాక్’ అంటుంది. అది స్పెయిన్‌లోని అరబీ నుండి ఐరోపా భాషలకు చేరిన మాట!

పేర్ల సంగతి అలా ఉంచితే, తేదీలు మాత్రం ఇంటిని తాకుతాయి. 2025లో రమజాన్ మార్చి 2న ప్రారంభం కాగా, తెలంగాణ ఇంటర్ పరీక్షలు 5వ తేదీన మొదలయ్యాయి. సహరీకి లేచిన పిల్లలే ఉదయం పరీక్ష హాలుకు వెళ్ళారు. లక్షల మంది రాసే పరీక్షను జరపమని కోరడం కన్నా, ఇంటి దినచర్యను ముందే సవరించుకోవడం మేలని మా అభిప్రాయం. ఇఫ్తార్ విందులు తగ్గించుకోవచ్చు, ఈద్ కొనుగోళ్ళు షాబాన్‌లోనే ముగించవచ్చు, తరావీహ్ తర్వాత పిల్లలను త్వరగా నిద్రపుచ్చవచ్చు.

2030లో రమజాన్ రెండుసార్లు మొదలవుతుంది: జనవరి ఆరంభంలో ఒకటి, డిసెంబర్ చివర మరొకటి. అల్మనాక్ చేతికందిన రోజే దాని పక్కన హిజ్రీ తేదీలు పెన్సిలుతో రాసుకోండి. నెలవంక కోసం ఒక రోజు అటూ ఇటూ వదలండి.