బాంబు లేదని రుజువు చేయడమెలా?

విశాఖ ఉక్కు కర్మాగారంలో గత పదేళ్ళలో ఎంత ఉక్కు తయారయిందో కనుక్కోమంటే ఏం చేస్తారు? ఉన్న సరుకును తూచి లాభం లేదు. చాలావరకు ఎప్పుడో అమ్ముడుపోయింది గదా! వచ్చిన ఇనుప ఖనిజమెంత, మిగిలిన చిట్టెమెంత, కాలిన కరెంటెంత అని పాత చిట్టాలు తిరగేయాలి.

ఇలాంటి చిక్కే దక్షిణాఫ్రికాలో ఎదురయింది. సొంతంగా అణుబాంబులు చేసుకొని, తనంతట తానే వాటిని విప్పేసిన దేశం అదొక్కటే. అది మనకు కొత్త దేశమేమీ కాదు. 1860 నుంచి చెరకుతోటల పనికి తెలుగువాళ్ళెందరో ఓడలెక్కి అక్కడి నేటాల్‌కు వెళ్ళారు. వాళ్ళకూ, నల్లవారికీ సమానహక్కులివ్వని తెల్లవారి ప్రభుత్వం రహస్యంగా ఆరు బాంబులు చేసింది. ఏడవది సగంలో ఉంది.

పక్కనున్న అంగోలాలో క్యూబా సేనలుండటం వారి భయం. 1988 ఒప్పందంతో ఆ సేనలు వెనుదిరగసాగాయి. మరుసటి ఏడు అధ్యక్షుడైన డిక్లార్క్ బాంబులను విప్పించారు. రాబోయే నల్లవారి ప్రభుత్వానికి బాంబు దక్కకూడదన్న ఆలోచన కూడా ఉందంటారు; కాదనలేం. 1991 జులైలో ఆ దేశం అణ్వస్త్రవ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. బాంబుల సంగతి మాత్రం 1993 మార్చి 24న గాని బయటపెట్టలేదు.

ఇక తనిఖీదారుల ప్రశ్న: ఆరేనా? ఏడెనిమిది చేసి ఒకటి దాచలేదు గదా?

ప్రకృతిలో దొరికే యురేనియంలో వెయ్యింట ఏడు పాళ్ళే యురేనియం-235. బాంబుకు పనికివచ్చేది అదే. పెలిండాబా దగ్గరి కర్మాగారంలో యురేనియం వాయువును గొట్టాల్లో సుడులు తిప్పి, ఆ తేలిక పరమాణువులను వేరుచేసి చిక్కబరిచేవారు. ఒక్కో బాంబుకు సుమారు 55 కిలోల చిక్కని యురేనియం పట్టింది. లెక్క చూడండి: వెయ్యి కిలోలు లోపలికి పోతే అందులో 235 ఏడు కిలోలు. మిగిలిన పిప్పిలో నాలుగు కిలోలున్నాయనుకుందాం. తక్కిన మూడు కిలోలు సరుకులోకి వెళ్ళినట్టే! పిప్పి అబద్ధం చెప్పదు.

బాంబుల నమూనా పటాలను సంగతి ప్రకటించకముందే నాశనం చేశారు. నన్నడిగితే అది తొందరపాటే, అనుమానం పెంచింది. అదృష్టవశాత్తు కర్మాగారపు రోజువారీ చిట్టాలు మిగిలాయి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థవారు వాటిని ఓపికగా చదివి, ప్రభుత్వం చెప్పిన లెక్కతో పొంతన కుదిరిందన్నారు.

కలహారి ఎడారిలో పరీక్షకోసం తవ్విన లోతైన బావులను 1993లో పూడ్చేశారు. బాంబుల్లోంచి తీసిన యురేనియంలో కొంత పెలిండాబాలోని సఫారి రియాక్టరుకు చేరింది. అక్కడ దానితో మాలిబ్డినం-99 తయారుచేశారు. ఆసుపత్రుల్లో ఎముకల, గుండె జబ్బులను కనిపెట్టే పరీక్షలకు పనికివచ్చేది అదే.