అరువు ఆటగాడు

నల్లజర్ల చేలలో నారుమడి ఎంత పచ్చగా నున్నను, తీసి నాటనిదే వెన్ను వేయదు. ఫుట్‌బాల్ యువకుని స్థితియు అట్టిదే. పెద్ద క్లబ్బులో బెంచిపై కూర్చుండువాడు ఆట మరచును. అందుచే అతనిని కొంతకాలము దిగువ శ్రేణి క్లబ్బునకు అరువిచ్చుట ఆచారమైనది. ఒప్పందము సొంత క్లబ్బుతోనే యుండును. ఆట మాత్రము అన్యత్ర సాగును.

1995లో మాంచెస్టర్ యునైటెడ్ డేవిడ్ బెకమ్‌ను ప్రెస్టన్‌కు పంపగా, అతడు అయిదు లీగు ఆటలలో రెండు గోల్స్ చేసెను. హారీ కేన్ 2011లో లేటన్ ఓరియంట్ మొదలుకొని నాలుగు క్లబ్బులు తిరిగి, 2018 ప్రపంచ కప్పులో ఆరు గోల్స్‌తో అగ్రస్థానమందెను.

అందరికిని ఆ భాగ్యము లేదు. దిగువ క్లబ్బునకు ఆనాటి గెలుపే ప్రాణము. పరుల బిడ్డకు నేర్పుటకు తీరిక యుండదు. రెండు ఆటలలో తడబడినచో మరల బెంచియే గతి. పంపినవారును మరచినచో ఆ యువకుడు ఎవరికిని కానివాడగును. ఈ దుస్థితిని తగ్గించుటకే ఫిఫా 2022లో, అరువు ఏడాదికి మించరాదనియు, అరువు వచ్చినవానిని వేరొకరికి అరువీయరాదనియు శాసించినది.

నియమములు మాత్రమే చాలవు. హైదరాబాదులో ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచెను. ఆటగాడు ఎవరివాడైనను, నేర్పువాడు తనవానిగా చూచినపుడే ఆ నారు వేళ్ళూనును.