నిలిచిపోయిన పద్యము

పద్యరచనకుఁ బూనినవారి కెల్లరకు నెన్నఁడో యొకనాఁ డెదురగు చిక్కొకటి కలదు. మూఁడు పాదములు చక్కఁగా నడచి నాలవది కదలదు. లేదా, కథ యంతయు మనసున నుండియు మొదటి గణమే నోట రాదు. తన ప్రతిభ యుడిగినదని కవి దిగులుపడి గంటము పాఱవైచును. ఇట్లు మానుకొన్నవారిలోఁ బెక్కురు మానవలసినవారు కారని మా తలంపు. కావున నీ చిక్కును మన పూర్వకవు లెట్లు దాఁటిరో విచారించుట నిష్ప్రయోజనము గాదు.

తెలుఁగున నడుమ నిలిచిన కావ్యములలోఁ బ్రసిద్ధమైనది భారతమే. రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు ఆదిసభాపర్వములను ముగించి, ఆరణ్యపర్వమున నాలవ యాశ్వాసమందు 142వ పద్యముతో నాఁగెను. ఆయన తణుకున యజ్ఞము చేసెనని యీసీమవారు నేఁటికిని జెప్పుకొందురు. ఈ మహాకవియుఁ దా నొంటిగా సాగితినని చెప్పుకొనలేదు. భారతయుద్ధమున నర్జునునకుఁ గృష్ణుఁ డెట్లో, ఈ రచనయందుఁ దనకు నారాయణభట్టు అట్లని యవతారికలోనే కొనియాడెను. 1053వ సంవత్సరపు నందంపూడి శాసనమున రాజు గ్రామ మొసఁగినది యీ నారాయణభట్టునకే. ఆ శాసనమును రచించినవాఁడు నన్నయభట్టే. కావ్యరచనను ఘోరయుద్ధముతోఁ బోల్చుట వట్టి మాటవరుస కాదేమో! పద్యము నడవనివేళఁ జెంత వినువాఁ డొకఁ డుండుట యెంత బలమో వ్రాయువా రెఱుఁగుదురు.

తిక్కన 13వ శతాబ్దమున నా యరణ్యశేషమును దడవక, విరాటపర్వము మొదలు 15 పర్వములను రచించెను. అరణ్యమును ముట్టిన నరిష్టమను భయమే కారణమని కొంద ఱందురు. భయము మాట యెట్లున్నను ఉపాయము మంచిది: చిక్కినచోటు నట్లే యుంచి, నడచుచోటఁ గదలుట.

తిక్కననుగూర్చిన కథ యొకటి యిచటఁ దప్పక చెప్పవలెను. కుమ్మరి గురునాథుఁ డాయనకు లేఖకుఁడఁట. కవి తడుముకొనక చెప్పుటయు, లేఖకుఁ డాఁపక వ్రాయుటయు వారి యొడంబడిక. సంజయుఁడు ధృతరాష్ట్రునకు యుద్ధవార్త లెఱిఁగించు పట్టున నొకచోఁ గవికి మాట తోఁపలేదు. ఏమి చెప్పుటకును బాలుపోక, లేఖకునిఁ బేరెత్తి పిలిచి నిట్టూర్చెను. అతఁ డదియును బద్యభాగమే యనుకొని వ్రాసికొనెను. చూడఁగా గణములు సరిపోయినవి, అర్థమును గుదిరినది. ద్రుతముమీఁది కకారము గకారమగును గావున, సంజయుఁడు రాజును 'కురునాథా' యని పిలుచుటయు నచట 'గురునాథా' యనియే వినఁబడును. ఇది కట్టుకథయే కావచ్చును. కాని దానిని గట్టినవాఁడు పద్యరచనలోని కష్టము నెఱిఁగినవాఁడు. అంధుఁడైన తండ్రి కట్టి వార్త చెప్పఁబోవు సంజయునకును మాట పెగలదు. ఆ పెగలకపోవుటయే యచటఁ జెప్పవలసిన విషయము.

అరణ్యశేషమును 14వ శతాబ్దమున నెఱ్ఱన పూరించెను. నన్నయ కడపటి పద్యము శరద్రాత్రులను వర్ణించు నుత్పలమాల. ఎఱ్ఱన తన మొదటి పద్యమునఁ గొత్తవిషయమును వెదకలేదు. అదియే శరత్తు, రాత్రి పోయి యుదయకాలము వచ్చినది, ఉత్పలమాల చంపకమాల యైనది. రెండువందల యేండ్లకుఁ బైఁగా నిలిచిన కావ్యము కదలుట కొక్క తెల్లవాఱుట చాలినది. నిన్న విడిచినచోటనుండి యొక యడుగు మాత్రమే యాలోచించువానికి దారి దొరకుటకు దీనికి మించిన నిదర్శన మేల?

ఈ చిక్కునకుఁ గల కారణములలో నొకదానిని రాజశేఖరుఁడు కావ్యమీమాంసలోఁ జక్కఁగా గుర్తించెను. దినమును జాములుగా విభజించి, రెండవజామున రచనయు, నాలవజామునఁ బరీక్షయుఁ జేయుమనెను; రసావేశమున నున్నవానికి వివేచనదృష్టి యుండదఁట. మనవారు పలువు రీ రెంటిని గలిపివేయుదురు. అర్ధపాద మైనను గాకమున్నే యతి బాగులేదని కొట్టివేసికొందురు. ఇఁక నది యెట్లు సాగును?

నిర్బంధమువలననే రచన యాఁగునని కొందఱనుట సరిగాదు. యెండగండిలో 1872లో జనించిన దివాకర్ల తిరుపతిశాస్త్రియుఁ జెళ్లపిళ్ల వేంకటశాస్త్రియు నూరూర నవధానములు చేసిరి గదా. దత్తపదిలోఁ బృచ్ఛకుఁడు నాలుగు పొందని పదము లిచ్చును. నిషిద్ధాక్షరిలో నక్షరమక్షరమునకు నడ్డుపడును. అట్లయ్యును బద్యము పుట్టును. ఏమి చెప్పినను జెల్లునన్నపుడు మనసు దిక్కుతోఁచక నిలుచును. ఈ పదమే చెప్పవలెనన్నపుడు వెదకుటకుఁ జోటు దొరకును. పద్యము కదలనివాఁడు మిత్రునిచే నాలుగు పదము లడిగి పుచ్చుకొని చూచునది. వృత్తము మఱియు మొండికెత్తినచోఁ దేటగీతిఁ జేపట్టవచ్చును. అందుఁ బ్రాసనియమము లేదు.