ఇల్లు మారినచో సామాను వచ్చునా?

రేడియో సెట్టును మార్చినంత మాత్రమున మనము వినెడి స్టేషను మారదు. సామాజిక మాధ్యమములందు ఈ సౌకర్యము లేదు. ఫేస్‌బుక్‌ను విడిచినవారు మిత్రబృందమును గూడ అచ్చటనే విడిచి రావలెను. ఈ నిర్బంధమును తొలగించుటకే వికేంద్రీకృత మాధ్యమములు పుట్టినవి.

వీనిలో ప్రసిద్ధమైనది 2016లో జర్మనీయందు యూజెన్ రోచ్కో ప్రారంభించిన మాస్టొడాన్. దీని సర్వర్లన్నియు ఒకే సంస్థవి కావు. వేలకొలది సర్వర్లను వేరువేరు నిర్వాహకులు నడుపుదురు. యాక్టివిటీపబ్ అను ఉమ్మడి నియమావళి వానిని కలుపును. ఒకచోట నచ్చనిచో ఖాతాతో మరొకచోటికి తరలిపోవచ్చునని చెప్పుదురు. ఈ హామీ ఎంతవరకు నిలుచునో విచారింతము.

తరలినపుడు అనుచరులు క్రొత్త చిరునామాకు చేరుదురు గాని, వ్రాసిన వ్రాతలు పాతచోటనే నిలిచిపోవును. వాని ప్రతిని దించుకొనవచ్చును; మాస్టొడాన్ వానిని క్రొత్తచోట చేర్చదు. అంతకంటె ముఖ్యమైన చిక్కు మరొకటి కలదు. ఖాతా తరలినదను వార్తను పంపవలసినది పాత సర్వరే. అది హఠాత్తుగా మూతపడినచో వార్తను పంపువారే లేరు. క్వీర్ డాట్ ఏఎఫ్ అను మాస్టొడాన్ సర్వరు పేరు ఆఫ్ఘనిస్తానమునకు కేటాయించిన అక్షరములతో ముగియును. 2024 ఫిబ్రవరిలో తాలిబన్ ప్రభుత్వము ఆ పేరును నిలిపివేసెను. దానితో అందలి చిరునామాలన్నియు పనికిరాకుండ పోయినవి.

2024 ఫిబ్రవరిలో అందరికిని ప్రవేశము కల్పించిన బ్లూస్కై ఈ లోపమును కొంత సవరించినది. రహస్య తాళమును, వ్రాతల ప్రతిని ముందుగానే తనవద్ద నుంచుకొనిన సభ్యుడు, పాత సర్వరు సహకరింపకున్నను, తరలిపోవచ్చును. కాని సభ్యులలో అత్యధికులు ఆ సంస్థ సర్వర్లలోనే నివసించుచున్నారు. ఎవరి ఖాతా ఎచ్చటనున్నదో తెలుపు పట్టికను ఏర్పరచి నడుపుచు వచ్చినదియు ఆ సంస్థయే. శాఖలు పెక్కైనను వేరు ఒక్కటే.

మన దేశమున నంబరు మార్చకయే సెల్‌ఫోను కంపెనీని మార్చుకొను సదుపాయము 2011 జనవరి 20 నుండి అంతటను అమలులోనికి వచ్చినది. బాకీ మున్నగు నిర్ణీత కారణములు లేనిదే పాత కంపెనీ నంబరును వదలననరాదు. ఇది కంపెనీల ఔదార్యము కాదు. ట్రాయ్ నిబంధనల బలము. వికేంద్రీకృత మాధ్యమములందు అట్టి బలము లేదు. పాత నిర్వాహకుని మంచితనమో, సభ్యుని ముందుచూపో ఆధారము.

అందుచేత ఈ ప్రయత్నములు వ్యర్థములని మేము చెప్పుట లేదు. తలుపు తెరచియుండుట మేలే. అయితే ఖాతా తెరచుటకు ముందే, పాతవారి అనుమతి లేకయే బయటపడగలమా, మన వ్రాతలు వెంటవచ్చునా అని విచారించుట అవసరము. ఏ మాధ్యమమున నున్నను, ప్రియమైన ఛాయాచిత్రములకు, వ్రాతలకు ఒక ప్రతిని ఇంటనే భద్రపరచుకొనుట ఉత్తమము.