డిప్రెషన్‌కు అయస్కాంతమా? ఎందుకు, ఎలా?

మందులు మార్చి మార్చి వాడినా దిగులు వదలని మనిషికి డాక్టరు ‘టీఎంఎస్ చేయిద్దాం’ అంటే, ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ‘కరెంటు షాకా?’ అనే. కాదు. మత్తు ఇవ్వరు, ఫిట్స్ తెప్పించరు. కుర్చీలో కూర్చోబెట్టి, తలకు ఆనించి ఒక తీగచుట్ట పెడతారు. అది పుట్టించే అయస్కాంత క్షేత్రంతోనే చికిత్స. అయిపోయాక మనిషి లేచి తన దారిన తను ఇంటికి వెళ్లవచ్చు.

అయస్కాంతమే ఎందుకు? మెదడు కణాల్లో కబుర్లు నడిచేది విద్యుత్తుతో. బయటి నుంచి వాటిని కదిలించాలంటే పుర్రె అడ్డు. ఎముకలోంచి విద్యుత్తు తేలిగ్గా పోదు. గట్టిగా పంపితే ముందు నెత్తి చర్మమే మండుతుంది. అయస్కాంత క్షేత్రానికి ఆ ఎముక అడ్డే కాదు. క్షేత్రం వేగంగా పెరిగి తగ్గితే దగ్గరున్న వాహకంలో విద్యుత్తు పుడుతుందని 1831లోనే మైకేల్ ఫారడే చూపించాడు. ఇక్కడ ఆ వాహకం మెదడే. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తల మీద చుట్ట పెట్టి, నొప్పి లేకుండా చేతి కండరాలను కదిలించింది. చేతికి కట్టుకోమని అమ్మే అయస్కాంతపు కడియాలకూ దీనికీ పోలికే లేదు. కడియంలో క్షేత్రం పెరగదు, తగ్గదు. అది ఏ నరాన్నీ కదిలించలేదు.

మరి దిగులు ఎలా తగ్గుతుంది? చుట్టను ఎక్కువగా ఎడమవైపు, నుదుటికి కాస్త పైన పెడతారు. ఆలోచనను, మనసును అదుపులో ఉంచే భాగం అది. డిప్రెషన్‌లో చాలామందికి అక్కడ చురుకు తగ్గినట్టు కనిపిస్తుంది. క్షేత్రం రెండు మూడు సెంటీమీటర్ల లోతుకు మించి గట్టిగా పనిచేయదు. అయినా తూము దగ్గర వదిలిన నీరు చివరి మడిదాకా పారినట్టు, ఆ కదలిక నరాల దారుల వెంట లోపలున్న భావోద్వేగ కేంద్రాలకు చేరుతుంది. ఒక్కరోజు ప్రభావం నిలవదు. రోజూ అదే దారిలో కదలిక పుడుతుంటే కణాల మధ్య బంధాలు మెల్లగా మారతాయని శాస్త్రజ్ఞుల అవగాహన. అందుకే వారానికి 5 రోజుల చొప్పున 4 నుంచి 6 వారాలు.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది డోసు కొలిచే తీరు. బొటనవేలిని ఆడించే మెదడు భాగం మీద చుట్ట పెట్టి బలం కొద్దికొద్దిగా సరిచూస్తారు. వేలు ఎంత బలానికి అదురుతుందో అదే ఆ మనిషి కొలత. చికిత్సకు సాధారణంగా దానికి 120 శాతం వాడతారు. అందరికీ ఒకే బలం అంటే కుదరదు.

మొదట్లో ఒక్కో విడత అరగంట దాటేది. 3 నిమిషాల పద్ధతి కూడా దానికి తీసిపోదని 2018లో కెనడా పరిశోధన తేల్చింది. రోజూ ఊరి నుంచి బస్సెక్కి రావాల్సినవాళ్లకు మాత్రం ఇప్పటికీ అసలు కష్టం ఆ నాలుగు నుంచి ఆరు వారాల తిరుగుడే.

నయమవుతుందా? అమెరికాలో 2008లోనే దీనికి అనుమతి వచ్చింది. 2010లో అక్కడే వెలువడిన ఒక పరీక్షలో నిజం చికిత్స పొందినవాళ్లలో సుమారు 14 శాతం, ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్లలో 5 శాతం పూర్తిగా తేరుకున్నారు. చిన్న అంకెలే. కానీ వాళ్లందరూ అంతకుముందు మందులకు లొంగనివాళ్లు, ఆ సమయంలో డిప్రెషన్ మందులేవీ వేసుకోనివాళ్లు. గ్యారంటీ అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పనికిరాదని కొట్టిపారేయనూ వద్దు.

తలనొప్పి, నెత్తి మీద టకటక కొట్టినట్టు నొప్పి మామూలే. చప్పుడుకు చెవుల్లో ప్లగ్గులు పెడతారు. ఫిట్స్ రావడం చాలా అరుదు, వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువ. తలలో లోహపు క్లిప్పు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా ముందే చెప్పాలి. వాడుతున్న మందులను సొంతంగా ఆపకూడదు. తిండి మానేసి, చావు మాటలు మాట్లాడే స్థితిలో ఉన్నవాళ్లకు వారాలు ఆగే వ్యవధి ఉండదు. అక్కడ మత్తిచ్చి చేసే కరెంటు చికిత్స, అంటే ఈసీటీనే త్వరగా పనిచేస్తుంది, దాన్ని చూసి భయపడనక్కర్లేదు. అలాంటి రాత్రి డాక్టరు దొరక్కపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.