కీచకుడి కొండకు పిల్లలతో...

గడ్‌చాందూర్: మే నెల వచ్చిందంటే చంద్రపూర్ జిల్లాలో ఎండ 46, 47 డిగ్రీలు దాటుతుంది. కూలర్ ముందు కూర్చున్నా వడగాలే. బడులకు సెలవులు కాబట్టి పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటారు. ‘‘నాన్నా, ఎక్కడికన్నా చల్లగున్న జాగకు పోదాం’’ అన్న మాట ఈ సిమెంట్ పట్టణంలో ప్రతి ఇంటా వినబడేదే. షిఫ్టు డ్యూటీల నాన్నకు దొరికే సెలవు మూడు రోజులు. ఆ మూడు రోజులకే ఎక్కడ కొండ, ఎక్కడ గది అని వెతుకులాట మొదలవుతుంది.

కొండ అయితే పక్కనే ఉంది. జివతి దారిలో మాణిక్‌గఢ్. నాగవంశపు రాజులు 9వ శతాబ్దంలో కట్టించారని చెప్పే కోట అక్కడుంది. ద్వారం మీద నాగు బొమ్మ చూసి పిల్లలు సంబరపడతారు. 1956 దాకా ఈ రాజురా తాలూకా అంతా ఆదిలాబాద్ జిల్లాలోదే కాబట్టి ఇక్కడి తెలుగు కుటుంబాలకు ఆ కోట పాత చుట్టం లాంటిది. పొద్దున వెళ్లి, అమల్‌నాలా చెరువు చూసుకుని, సద్ది తిని మాపటికల్లా తిరిగి రావచ్చు. రాత్రి ఉందామంటే మాత్రం కుదరదు. చుట్టూ దట్టమైన అడవి, కూలిన గోడలు. మూడేళ్ల పిల్లవాడిని వదిలే చోటు కాదది. చీకటి పడకముందే కిందికి దిగాల్సిందే.

నర్తనశాల చూసిన వాళ్లకు కొత్త కాదు

దాంతో కాస్త డబ్బు కూడబెట్టుకున్న వాళ్ల చూపు చిఖల్‌దరా మీద పడుతుంది. అమరావతి జిల్లాలో 1,118 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరే విదర్భ మొత్తానికి వేసవి విడిది. భీముడు కీచకుణ్ని చంపి లోయలోకి విసిరేశాడని, అందుకే ఇది ‘కీచక దరా’ అయిందని స్థానికుల కథ. కీచకుడంటే మనవాళ్లకు 1963 నాటి ‘నర్తనశాల’లో ఎస్వీ రంగారావు కళ్లముందు కదులుతాడు. భీమ్‌కుండ్ దగ్గర నిలబడి తాతలు ఆ కథ చెబుతుంటే పిల్లలు కిక్కురుమనరు.

ఇంకో బంధం కూడా ఉంది. 1823లో ఈ చోటును వెలుగులోకి తెచ్చిన కెప్టెన్ రాబిన్సన్ హైదరాబాద్ రెజిమెంట్ వాడు. అప్పటికి బేరార్ నిజాం ఏలుబడిలోనే ఉంది. తర్వాత ఇంగ్లీషు వాళ్లు ఇక్కడ కాఫీ మొక్కలు నాటారు. ఆ తోటలు నేటికీ కనిపిస్తాయి.

ఘాట్ రోడ్డులో అసలు పరీక్ష

గడ్‌చాందూర్ నుంచి వణి, యవత్మాల్, అమరావతి మీదుగా దారి మూడొందల కిలోమీటర్ల పైమాటే. పొద్దున అయిదింటికి బయల్దేరితేనే వెలుగుండగా చేరేది. పరత్‌వాడా దాటాక మలుపులే మలుపులు. పిల్లలకు వాంతులు అక్కడే మొదలవుతాయి. పరత్‌వాడాలో కడుపు నిండా పెట్టకుండా నాలుగు మరమరాలు, నిమ్మకాయ, ఒక ప్లాస్టిక్ కవరు చేతికివ్వడం అనుభవం ఉన్న తల్లుల పద్ధతి. రైలంటే సరదా ఉన్నవాళ్లు చంద్రపూర్ నుంచి సేవాగ్రామ్ మీదుగా బడ్నేరా వెళ్లి, అక్కడ్నుంచి రోడ్డు పట్టుకోవచ్చు. అయితే సామాను, చంటిపిల్ల ఉన్నప్పుడు అన్నిసార్లు ఎక్కి దిగడం తలనొప్పే.

ఉండటానికి పర్యాటక సంస్థ విడిది ఉంది, ప్రైవేటు కాటేజీలూ ఉన్నాయి. అడవిలోనే నిద్రపోవాలనుకుంటే సెమాడోలో అటవీశాఖ కుటీరాలు. ఇది 1973-74లో దేశంలో మొదట ఎంపికైన తొమ్మిది పులుల అభయారణ్యాల్లో ఒకటైన మేల్‌ఘాట్. రాత్రి దీపం ఆర్పగానే ‘‘అమ్మా, పులొస్తదా?’’ అని దుప్పట్లోంచి గొంతు వినబడకపోతే ఆశ్చర్యపోవాలి. తలుపు గడియ రెండుసార్లు చూపిస్తే గానీ నిద్రపోరు.

నిజానికి పులి కంటే కోతుల బెడదే ఎక్కువ. బిస్కెట్ పాకెట్ చేతిలో కనిపిస్తే లాక్కుపోతాయి. లోయ అంచున కంచె ఉన్నచోట కూడా పిల్లల చెయ్యి వదలకూడదు. వానాకాలంలో మంచు కమ్మితే నాలుగడుగుల దూరంలో మనిషి కనిపించడు. 1803లో వెల్లెస్లీ సేనలు పట్టుకున్న గావిల్‌గఢ్ కోటలో ఫిరంగులు చూడాల్సినవే గానీ, గడ్డి పెరిగిన చోట పాములుంటాయి. చెప్పుల కాళ్లతో పోవద్దు.

మరో సంగతి. ఈ కొండల్లో ఉండేది కొర్కూ గిరిజనులు. పౌష్టికాహారం అందక ఇక్కడి పిల్లలు చనిపోతున్న వార్తలు 1990ల నుంచీ దేశమంతా విన్నవే. కోర్టుల దాకా వెళ్లినవే. మన పిల్లలు సగం తిని పారేసిన చిప్స్ పాకెట్‌ను దారి పక్క చిన్నపిల్ల చూస్తుంటే తల్లిదండ్రులకు సంజాయిషీ చెప్పుకోవడం కష్టం. ‘‘ఆ అక్క బడికి పోదా?’’ అని మనవాడు అడిగితే జవాబు ముందే ఆలోచించి పెట్టుకోవడం మంచిది.

వానాకాలం శని, ఆదివారాల్లో నాగపూర్, అమరావతి కార్లతో ఊరు కిక్కిరిసిపోతుంది. గదికి ముందే డబ్బు కట్టాలి. షిఫ్టు మార్చుకోగలిగితే మంగళ, బుధవారాలు నయం. స్వెట్టర్లు మే నెలలోనైనా పెట్టుకోవాలి. తిరుగు దారిలో పరత్‌వాడా దిగేసరికి ఉక్కపోత మొదలవుతుంది. అయినా చాలామంది పిల్లలు గడ్‌చాందూర్ చేరేదాకా ఆ స్వెట్టర్ విప్పనంటారు.